నీసు వాసన రెండు రకాలు: నల్గొండలో ఉండి చేప కొనడం, కోయడం, వండడం

అడిగింది ఇది: నల్గొండలో ఉంటూ సముద్రపు చేపలు, రొయ్యలు తాజాగా కొని శుభ్రం చేసి వండుకోవడం నేర్చుకోవాలి. ఇప్పటిదాకా తెచ్చినప్పుడల్లా మూడు చిక్కులే: నీసు వాసన పోలేదు, పులుసులో ముక్కలు విరిగాయి, వేపుడు పెనానికి అంటుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

చెరువు దగ్గర మొదలుపెట్టండి. కాకినాడ నుంచో మచిలీపట్నం నుంచో వచ్చే చేప, పడవలో ఉన్న రోజులు, రేవులో ఉన్న గంటలు, లారీలో వచ్చిన రాత్రి అన్నీ కలుపుకుని మన బజారుకు చేరుతుంది. అది చెడిపోయిందని కాదు. బాగా ఐసు పెట్టి తెచ్చిన చేప బాగానే ఉంటుంది. కానీ తాజా చేప ఎట్లుంటుందో కంటికి, వేలికి, ముక్కుకు ముందే తెలిస్తేనే ఐసు చేపలో మంచిదేదో పట్టుకోగలుగుతారు. ఆ చదువు మన దగ్గర చవకగా దొరుకుతుంది. నాగార్జునసాగర్, పానగల్ ఉదయసముద్రం, డిండి, కోయిల్‌సాగర్, జూరాల, సోమశిల దగ్గరి శ్రీశైలం వెనుక నీళ్లు, వీటితోపాటు ప్రతి మండలంలో చెరువులు. పొద్దున వల తీసిన చేప పదకొండింటికల్లా మీ వంటింట్లో ఉండే అవకాశం విశాఖలో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు కూడా అన్ని రోజులూ ఉండదు.

ముందు వాసన సంగతి. అసలు చిక్కంతా రెండు వేర్వేరు వాసనలను ఒకే మాటతో 'నీసు' అనడంలో ఉంది.

చెరువు చేపలో వచ్చేది బురద వాసన. తొలకరి వాన పడ్డప్పుడు మట్టి నుంచి లేచే వాసనకు కారణమైన జియోస్మిన్ అనే పదార్థమే దీనికీ కారణం. నీళ్లలో ఉండే నీలి ఆకుపచ్చ నాచు, కొన్ని రకాల బాక్టీరియా దీన్ని తయారుచేస్తాయి. చేప మొప్పల గుండా ఇది లోపలికి పోయి కొవ్వులో నిలుస్తుంది. అందుకే చర్మం, పొట్ట దగ్గరి కొవ్వు, పక్కన మధ్యగీత కింద ఉండే ఎర్రటి కండ, ఈ మూడుచోట్లే వాసన ఎక్కువ. చేప ఎంత తాజాదైనా ఇది ఉంటుంది. ఎన్ని నీళ్లతో కడిగినా పోదు, ఎందుకంటే పైన అంటుకున్నది కాదు. పులుపు దీన్ని విరుస్తుంది. పులుపులో జియోస్మిన్ మారిపోయి వాసన లేని పదార్థం అవుతుంది. మన పెద్దవాళ్లు చెరువు చేపకు చింతపండు పులుసు, ఎండాకాలంలో మామిడికాయ, ఆ వెంటనే చింతచిగురు వేయడం రుచి కోసమే అనుకుంటాం గానీ, అందులో ఈ పని కూడా జరుగుతుంది.

సముద్రపు చేపలో వచ్చేది కుళ్లు మొదలైన వాసన. సముద్రపు చేప కండలో ఉప్పునీటిని తట్టుకోవడానికి ఒక పదార్థం ఉంటుంది. చేప చచ్చాక బాక్టీరియా దాన్ని ట్రైమిథైలమీన్‌గా మారుస్తుంది. ముక్కును పొడిచే వాసన అదే. మంచినీటి చేపలో ఆ మూల పదార్థం చాలా తక్కువ, కాబట్టి ఈ వాసన కూడా తక్కువే. నిమ్మరసం దీన్ని కొంత అణచగలదు, కానీ ఇది గంటల లెక్క చెప్పే వాసన. దాన్ని అణిచి తినడం కంటే కొనేటప్పుడే వద్దనుకోవడం తెలివి. గట్టిగా చెప్పాలంటే, చెరువు చేప వాసనకు మందు వంటింట్లో ఉంది, సముద్రపు చేప వాసనకు మందు బజార్లోనే ఉంది.

ఇంకో లెక్క. మన చెరువుల్లో చేపపిల్లలు వదిలేది వానాకాలంలో, ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరులో. రాష్ట్ర ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన ఉచిత చేపపిల్లల పంపిణీ కూడా ఆ కాలంలోనే. మత్స్యకారుల సొసైటీలు వలలు వేసి మొత్తం తీసేది నీళ్లు తగ్గే మార్చి, ఏప్రిల్, మే నెలల్లో. ధర దిగేది అప్పుడే, నీళ్లు తక్కువై నాచు పట్టి బురద వాసన ముదిరేది కూడా అప్పుడే. మే నెలలో చిన్న కుంట చేప తెచ్చి ఉత్త ఉప్పుకారంతో వేపితే వాసన వచ్చి తీరుతుంది. ఆ చేపను పులుసుకే ఉంచండి. వేపుడుకు సాగర్, జూరాల, సోమశిల నీళ్ల చేప అడగండి. పెద్ద నీళ్లు, లోతు ఎక్కువ, వాసన తక్కువ. మూసీ కింద పట్టిన చేప దగ్గర మాత్రం జాగ్రత్త. ఆ నదిలో హైదరాబాద్ మురుగు కలుస్తుంది, చింతపండు తీసేయలేనివి అందులో ఉంటాయి. ఏ నీళ్లదో అడిగి కొనడం మర్యాద తప్పేమీ కాదు.

ఇక కొనేటప్పుడు చూడాల్సినవి. కన్ను ఉబ్బి, నల్లగుడ్డు మెరుస్తూ ఉండాలి. లోపలికి పోయి పాలు కలిపినట్టుంటే వద్దు. మొప్ప ఎత్తి చూడండి. ఎరుపు ఉండాలి, జిగురు పలచగా ఉండాలి. గోధుమరంగు, చిక్కటి జిగురు ఉంటే పాతది. కన్నూ మొప్పా మాత్రమే చూసి నమ్మొద్దు. మొప్పలు కడిగి పెట్టొచ్చు, ఐసు తగిలి మంచి చేప కన్ను కూడా తెల్లబడొచ్చు. నమ్మదగినది వేలు. వీపు కండ మీద బొటనవేలితో నొక్కి తీస్తే గుంట వెంటనే నిండాలి. ఆ తర్వాత పొట్ట. చేప లోపలి నుంచి చెడుతుంది కాబట్టి పొట్ట మెత్తబడి, కింద రంధ్రం బయటకు వచ్చినట్టుంటే మిగతావి ఎంత బాగున్నా వదిలేయండి. కోసిన ముక్కలే దొరికితే పొట్ట లోపలి ఎముకలు చూడండి. కండకు అంటుకుని ఉండాలి, ఊడి బయటకు పొడుచుకు రాకూడదు.

చేప పాడవకుండా కొందరు దొంగచాటుగా కలిపే ఫార్మలిన్ అనే రసాయనం గురించి కూడా చాలామంది భయపడతారు. కండ రబ్బరులా గట్టిగా ఉండి, చేప వాసనే లేకుండా, ఈగ కూడా వాలకపోతే అనుమానించాలి. ఇంట్లో కచ్చితంగా తేల్చడానికి కొచ్చిలోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిషరీస్ టెక్నాలజీ కాగితపు పట్టీల కిట్ తయారుచేసింది. మామూలు ఇంటికి మాత్రం కళ్లముందు పట్టిన చేపే పెద్ద కిట్.

ఏ చేప దేనికి? బొచ్చెకు తల పెద్దది, కొవ్వు ఎక్కువ. తలకాయ పులుసు అంటే బొచ్చెదే. రవ్వ అన్నిటికీ సరిపోతుంది, కొత్తవాళ్లు కిలోన్నర నుంచి రెండు కిలోల రవ్వతో నేర్చుకోవడం మేలు. మృగాల అనే చేప రుచి బాగుంటుంది గానీ సన్నముండ్లు ఎక్కువ. బంగారుతీగ మెత్తన, అడుగు మట్టి కెలికి తింటుంది కాబట్టి బురద వాసన కొంచెం ముందే పడుతుంది. వాలుగకు, జెల్లకు పొలుసు ఉండదు, నూనె గల మెత్తని మాంసం, ఇగురుకు బాగుంటాయి. కొర్రమీను, అంటే కొర్రమట్ట, తెలంగాణ రాష్ట్ర చేప. గాలి పీల్చగలదు కాబట్టి తొట్టిలో బతికుండగానే అమ్ముతారు. దాని ధరకు రుచి ఒక్కటే కారణం కాదు. రవ్వ, బొచ్చెల్లో కండ మధ్యన ఉండే వై ఆకారపు సన్నముండ్లు దీనికి ఉండవు. పిల్లలకు కొర్రమీను కొనలేకపోతే రవ్వలో పొట్ట ముక్కలు పెట్టండి. అక్కడ పక్కటెముకలే ఉంటాయి, చూసి తీయడం తేలిక. సన్నముండ్లు వీపువైపు, తోకవైపు ఉంటాయి.

కోయడం దగ్గర కొత్తవాళ్లు చేసే తప్పులు మూడు నాలుగే గానీ, రుచి పోయేది అక్కడే. బజార్లో కోయించినా ఇంటికొచ్చాక మళ్లీ చూడాలి. మొప్పలు పూర్తిగా తీసేయాలి, తలలో మిగిలితే పులుసంతా చేదు, వాసన. పొట్ట చీల్చేటప్పుడు కత్తి మొన లోతుగా దిగకూడదు. కాలేయం పక్కన ఆకుపచ్చ పిత్తపు తిత్తి ఉంటుంది. అది పగిలితే ముక్క చేదవుతుంది, ఉడికినా పోదు. పగిలితే వెంటనే ధారగా నీళ్లు పోసి, ఆకుపచ్చ మరక పడ్డంత మేర కండ కోసి పారేయండి. ఆ తిత్తిని మందని పచ్చిగా మింగేవాళ్లున్నారు. రవ్వ, గడ్డిచేప జాతుల పిత్తం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఆసుపత్రి పాలైన సంఘటనలు వైద్యులు నమోదు చేశారు. ఆ పని ఎవరూ చేయొద్దు.

పొట్ట లోపలి నల్లటి పొరను రాళ్ల ఉప్పుతో రుద్ది లాగేయాలి. వెన్నెముక కింద గడ్డకట్టిన నెత్తురు గీత ఉంటుంది, బొటనవేలి గోరుతో గీరి తీయాలి. ఇంట్లో ఎక్కువగా మర్చిపోయేది ఇదే, 'ఎంత కడిగినా నీసు' అనే మాటకు సగం కారణం ఇదే. కొర్రమీను జిగురుకు బూడిద గానీ రాళ్ల ఉప్పు గానీ పట్టించి గరుకు బండ మీద రుద్దే పాత పద్ధతిని మించింది లేదు. గోధుమపిండి కూడా పనికొస్తుంది. ఇదంతా ముక్కలు కోయకముందే అయిపోవాలి. కోసిన ముక్కలను నాలుగైదు సార్లు నీళ్లలో పిసికి కడిగితే రసం పోయి, కండ వదులై, పులుసులో విరుగుతాయి. ముక్కలయ్యాక ఒకసారి ఉప్పునీళ్లలో ముంచి తీయడం చాలు.

ముక్క మందం పులుసుకు రెండు సెంటీమీటర్లు, వేపుడుకు ఒకటిన్నర. కొర్రమీను అప్పుడే కొట్టి కోయిస్తే ఉప్పు తగలగానే ముక్కలు అదురుతాయి. ఆ స్థితిలో పెనం మీద వేస్తే మెలితిరిగి బిగుసుకుంటాయి. రెండు మూడు గంటలు ఐసులో పెట్టి వండితే ముక్క నిలుస్తుంది. కిలో రవ్వ శుభ్రమయ్యాక తలతో కలిపి ఎనిమిది వందల గ్రాముల దాకా మిగులుతుంది. మనిషికి పావుకిలో లెక్కన పచ్చి చేప కొంటే సరిపోతుంది.

పులుసుకు వద్దాం. కిలో ముక్కలకు: చింతపండు 70 గ్రాములు, ఉల్లిగడ్డలు 300 గ్రాములు, పల్లినూనె ఆరు టేబుల్ స్పూన్లు, ఎల్లిగడ్డ పన్నెండు రెబ్బలు, అంగుళం అల్లం, కారం రెండున్నర టేబుల్ స్పూన్లు, ధనియాల పొడి రెండు టేబుల్ స్పూన్లు, పసుపు అర టీస్పూను, జీలకర్ర ఒక టీస్పూను, మెంతులు అర టీస్పూను, ఎండు కొబ్బరి రెండు టేబుల్ స్పూన్లు, ఉప్పు మొత్తం 25 గ్రాములు, పచ్చిమిర్చి నాలుగు, కరివేపాకు, కొత్తిమీర.

ముక్కలకు పసుపు, మూడోవంతు ఉప్పు, కొంచెం కారం పట్టించి ఇరవై నిమిషాలు పక్కన పెట్టండి. ఊరిన నీరు పారబోయాలి. చింతపండును 800 మిల్లీలీటర్ల వేడినీళ్లలో నానబెట్టి రసం తీయండి. ఉల్లిగడ్డల్లో సగం పొయ్యి మంట మీద కాల్చి, పొట్టు తీసి, ఎండు కొబ్బరి, అల్లం, ఎల్లిగడ్డతో నూరండి. పులుసు చిక్కబడేది ఈ ముద్దతోనే, పిండి కలపనవసరం లేదు. మెంతులు, జీలకర్ర విడిగా సన్నమంట మీద వేయించి పొడి చేసుకోండి. మెంతులు ఎర్రబడగానే దించేయాలి. నల్లబడితే పులుసు చేదవుతుంది, పిత్తం పగిలిందేమోనని చేప మీద నింద పడుతుంది.

అడుగు వెడల్పున్న గిన్నె తీసుకోండి, ముక్కలు ఒక్క వరుసలో పట్టాలి. నూనెలో మిగిలిన ఉల్లిగడ్డ ముక్కలు, పచ్చిమిర్చి, కరివేపాకు వేగాక నూరిన ముద్ద వేసి నూనె పైకి తేలేదాకా వేయించాలి. కారం, ధనియాల పొడి వేసి అర నిమిషంలోనే పులుసు పోసేయాలి. ఇప్పుడు అందరూ తొందరపడే చోటు వచ్చింది: చేప వేయకముందే పులుసు పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు మరగాలి. చింతపండు పచ్చివాసన పోవడానికి, ఉప్పు పులుపు కారం సరిచూసుకోవడానికి ఉన్న సమయం అదొక్కటే. చేప పడ్డాక ఏదీ సరిదిద్దలేరు. ఈ దశలో పులుసు నాలుకకు కొంచెం ఎక్కువ ఉప్పగా, ఎక్కువ పుల్లగా ఉండాలి. ముక్కలు వాటా తీసుకుంటాయి.

తలకాయ, తోక ముందు వేసి ఐదు నిమిషాల తర్వాత నడిమి ముక్కలు పేర్చండి. సన్నమంట మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు. గంటె పెట్టొద్దు, గుడ్డతో గిన్నె చెవులు పట్టుకుని మెల్లగా తిప్పండి. చేప కండను పట్టి ఉంచే పొర మేక మాంసంలో లాంటిది కాదు, తక్కువ వేడికే కరిగిపోతుంది. మరిగేకొద్దీ రేకలు విడిపోతాయి. మీ ముక్కలు విరగడానికి ఒక కారణం ఇది, ఇంకో కారణం ఫ్రీజర్ కావచ్చు. ఇంటి ఫ్రీజర్ నెమ్మదిగా గడ్డకట్టిస్తుంది కాబట్టి కండలో పెద్ద ఐసు ముక్కలు తయారై లోపల చీలుస్తాయి. కరిగాక నీరు కారిపోయి ముక్క పొడిపొడి అవుతుంది. ఆ చేప పులుసుకు పనికిరాదు, ముండ్లు తీసి పొడికూర చేసుకోండి.

చివర్లో మెంతి జీలకర్ర పొడి, కొత్తిమీర వేసి దించండి. మట్టిచట్టి అయితే రెండు నిమిషాలు ముందే ఆపేయాలి, దించాక కూడా ఉడుకుతూనే ఉంటుంది. నాలుగైదు గంటలు ఆగి తింటే పులుపు లోపలిదాకా పోయి ముక్కకు రుచి పడుతుంది. మరునాటికి ఇంకా బాగుంటుందనే మాట నిజమే గానీ, మన ఎండాకాలపు రాత్రుల్లో బయట ఉంచొద్దు. ఫ్రిజ్‌లో పెట్టండి.

వేపుడు అంటుకోవడానికి కారణాలు: ముక్క తడి, పెనం చలువ, తొందరగా తిప్పడం. అరకిలో ముక్కలకు కారం రెండు టీస్పూన్లు, ఉప్పు టీస్పూనుకు కొంచెం పైన, పసుపు పావు టీస్పూను, ధనియాల పొడి ఒక టీస్పూను, అల్లం ఎల్లిగడ్డ ముద్ద ఒక టీస్పూను, బియ్యప్పిండి ఒక టేబుల్ స్పూను, నిమ్మరసం రెండు టీస్పూన్లు. ముక్కలను గుడ్డతో అద్ది తడి తీసి ఇవి పట్టించాలి. నిమ్మరసం పది నిమిషాలకు మించితే ముక్క పైన తెల్లబడి పిండిలా రాలుతుంది, కాబట్టి చివర్లో పిండండి. అల్లం ముద్ద ఎక్కువైతే మాడి పెనానికి పడుతుంది. ఇనుప పెనం బాగా కాలాక నూనె, నూనె కాగాక ముక్క. మూడు నాలుగు నిమిషాలు ముట్టుకోవద్దు. అడుగు పొర కట్టగానే ముక్క తనంతట తనే వదులుతుంది. వదలకపోతే ఇంకా వేగలేదని అర్థం. జూరాల డ్యాం దగ్గరి బండ్ల మీద వేపుడు తింటే గమనించండి, ఎవరూ ముక్కను మాటిమాటికీ కదిలించరు.

రుచి తెలుసుకోవాలంటే ఒక్కసారైనా మసాలా లేకుండా తినాలి. రవ్వ, బొచ్చె, కొర్రమీను ఒక్కో ముక్క తెచ్చి, ఉప్పు పసుపు మాత్రమే పట్టించి, ఒకే పెనం మీద వేపి వరుసగా తినండి. కొర్రమీను గట్టిగా, చప్పగా, శుభ్రంగా ఉంటుంది. బొచ్చె జిడ్డుగా నోట్లో కరుగుతుంది. రవ్వలో కొంచెం తీపి తగులుతుంది. జన నిండుగా ఉన్న చేపలో కొవ్వంతా గుడ్లకు పోయి కండ పేలవంగా ఉంటుంది, ఈ తేడా వానాకాలం మొదట్లో బాగా తెలుస్తుంది.

ఇప్పుడు సముద్రపు చేప. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా. మృగశిర కార్తె వచ్చేది జూన్ రెండో వారం మొదట్లో, అంటే రెండు తీరాల్లోనూ మరబోట్లు ఆగి ఉన్న రోజుల్లో. ఆ రోజు బజార్లో కనిపించే వంజరం, చందువా చాలావరకు కోల్డ్ స్టోరేజీవే. మృగశిరకు చెరువు చేపే తినండి. అయితే గిరాకీ చూసి రెండు రోజుల ముందు పట్టినవి కూడా ఆ రోజు అమ్మకానికి పెడతారు, వేలితో నొక్కి చూడటం మరవొద్దు.

కానాగంతలు, వంజరం జాతి చేపలు చల్లదనం తప్పితే కండలో హిస్టమిన్ అనే హానిచేసే పదార్థం తయారవుతుంది. ఎంత వండినా అది పోదు, కంటికి కనిపించదు. తిన్న కొద్ది నిమిషాల నుంచి గంట రెండు గంటల్లో ముఖం ఎర్రబడి, నోరు మంట పుట్టి, తలనొప్పి వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఈ చేపలను ఐసు నిండా కప్పి ఉంచిన దుకాణంలోనే కొనండి. పైన నాలుగు ఐసు ముక్కలు చల్లి ఎండలో పరిచిన చోట వద్దు. ఇంటికి తెచ్చేటప్పుడు కిలో చేపకు పొడిగా దంచిన మామూలు ఐసు కిలో లెక్కన థర్మాకోల్ డబ్బాలో, కింద ఐసు, నడుమ చేప, పైన ఐసు. కరిగిన నీళ్లు కిందికి పోవడానికి ఒక రంధ్రం ఉండాలి. ఇంటి ఫ్రిజ్‌లో నాలుగైదు డిగ్రీలుంటుంది, ఐసులో సున్నా. ఆ తేడాకే చేప దాదాపు రెట్టింపు వేగంతో పాడవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టినా చిల్లుల పళ్లెంలో ఐసు మీదే పెట్టండి.

రొయ్యలు మన బజార్లో ఎక్కువగా కోస్తా చెరువుల్లో పెంచే వనామి రకానివే. '30 కౌంట్' అంటే కిలోకు ముప్పై అని. తల, పెంకు తీస్తే బరువులో దాదాపు సగం పోతుంది. పెంకు మీద నల్ల చారలు కుళ్లు కాదు, గాలి తగిలి వచ్చే మార్పు. కానీ తల ఊడిపోయేలా వేలాడినా, అమ్మోనియా ఘాటు వచ్చినా పారేయాల్సిందే. వీపు మీద సన్నగా చీరి నల్ల నరం లాగండి. ఉప్పు పసుపుతో ఒకసారి రుద్ది కడిగితే చాలు. మూకుడులో మూడు నిమిషాలు మించొద్దు. రొయ్య చంద్రవంకలా వంగగానే దించాలి, సున్నాలా చుట్టుకుపోయిందంటే రబ్బరే. ఉల్లిగడ్డ, మసాలా పూర్తిగా వేగాకే రొయ్యలు వేయండి, రెండూ కలిపి వేయిస్తే ఉల్లిగడ్డ పచ్చిగా ఉన్నప్పుడే రొయ్య గట్టిపడుతుంది.